పాటలకు ఫోన్ చాలదా?

పోయిన నెల మా తమ్ముడి స్నేహితుడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, పాతిక వేలు పక్కన పెట్టాను. పాటలు వినడానికి మంచి ప్లేయర్ ఒకటి చెప్పు."

"ఇప్పుడు దేంట్లో వింటున్నావు?"

"ఫోన్‌లోనే. సౌండ్ అంత బాగుండట్లేదు."

"చెవిలో ఏం పెట్టుకుంటావు?"

"బ్లూటూత్ బడ్స్. రెండేళ్ల కిందట కొన్నవి."

"మరి ప్లేయర్ కొన్నాక?"

"అవే."

"అయితే కొనకు" అన్నాను.

అవతల కాసేపు మాటల్లేవు. ఇలాంటి వస్తువులు కొనీ, వాడీ, సగం ధరకు అమ్మీ చేతులు కాల్చుకున్నవాణ్ణని మావాళ్లలో నాకో పేరుంది. నా నోటి నుంచి ఏదో మోడల్ నంబరు రాలుతుందని ఎదురుచూశాడు పాపం. ఆ రోజు వాడికి గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పాటల కోసం వేరే పెట్టె కొనాలా వద్దా అన్న ఆలోచనలో మీరూ ఉంటే, ధరలూ మోడళ్లూ చూసే ముందు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. చెవిలో పెట్టుకునేది వైరుదా, వైరు లేనిదా? మీ పాటలు మీ దగ్గర ఉన్నాయా, యాప్‌లో ఉన్నాయా?

వైరు సంగతి ముందు

ఫోన్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను శబ్దంగా వినిపించే కరెంటు అలగా మార్చే చిప్‌ను డాక్ (DAC) అంటారు. ఆ అలకు ఇయర్‌ఫోన్‌ను మోగించేంత బలం ఇచ్చేది ఆంప్. ప్లేయర్లు అమ్మేవాళ్లు మన దగ్గర డబ్బు తీసుకునేది ముఖ్యంగా ఈ రెంటికే. వైరు ఇయర్‌ఫోన్ గుచ్చితే ఆ పని ప్లేయరే చేస్తుంది కాబట్టి, తేడా అంటూ ఉంటే అక్కడ తెలుస్తుంది. బ్లూటూత్ బడ్స్‌లో మాత్రం డాక్, ఆంప్ రెండూ బడ్ లోపలే ఇరుక్కుని ఉంటాయి. ప్లేయర్ చేసేదల్లా అంకెలను గాల్లోకి పంపడం. ఆ పని పదివేల ఫోనూ చేస్తుంది, డెబ్బై వేల ప్లేయరూ చేస్తుంది. లోపలున్న ఖరీదైన చిప్, పెళ్లికి పిలిచి ఎవరూ పలకరించని చుట్టంలా ఓ మూల కూర్చుంటుంది.

ఇందులో ఒక్క మెలిక ఉంది. గాల్లోకి పంపేముందు పాటను కుదించాలి. ఆ కుదించే పద్ధతి పేరు కోడెక్. అన్ని బడ్స్‌లోనూ ఉండేది ఎస్‌బీసీ, మామూలుగా 328 కేబీపీఎస్ (అంటే సెకనుకు అన్ని కిలోబిట్లు) దాకా వెళ్తుంది. ఐఫోన్‌లో దానికి తోడు ఏఏసీ ఉంటుంది. సోనీ తయారుచేసిన ఎల్‌డాక్ అనే కోడెక్ 990 కేబీపీఎస్ దాకా పోతుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్ కంపెనీలకు అది అందుబాటులో ఉంది, ఐఫోన్‌లో మాత్రం లేదు. మీ బడ్స్‌లో ఎల్‌డాక్ ఉండి మీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, ముందు బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ బడ్స్ పేరు మీద నొక్కి ఎల్‌డాక్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. కొన్ని ఫోన్లలో అది ఆఫ్‌లో ఉంటుంది. పైసా ఖర్చు లేని పని. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని 328కీ 990కీ తేడా చెప్పగలిగితే మాత్రం మీ చెవులకో దణ్ణం.

ఇక వైరు పార్టీ. 2016లో ఐఫోన్ 7తో ఆపిల్ ఇయర్‌ఫోన్ జాక్ తీసేసింది. తర్వాత ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లూ ఒక్కొక్కటే అదే దారి పట్టాయి. తమాషా ఏమిటంటే, పది పన్నెండు వేల ఫోన్లలో ఆ జాక్ ఇప్పటికీ దొరుకుతుంది, లక్ష రూపాయల ఫోన్‌లో ఉండదు. జాక్ లేనివాళ్లకు డాంగిల్ గతి. ఒక చివర సీ-టైప్ పిన్ను, రెండో చివర పాత ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం, మధ్యలో బెత్తెడు వైరు.

డాంగిల్ కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇవి రెండు రకాలు. మొదటి రకంలో చిప్ ఏమీ ఉండదు, ఉత్త వైరు. ఫోనే తన లోపలి డాక్‌తో శబ్దాన్ని తయారుచేసి ఆ పిన్నులోంచి బయటికి పంపగలిగితేనే అది పనిచేస్తుంది. చాలా కొత్త ఫోన్లు అలా పంపవు. రెండో రకంలో ఆ చిన్న పిన్ను లోపలే డాక్, ఆంప్ ఉంటాయి. బండి మీద నూరు రూపాయలకు దొరికేది సాధారణంగా మొదటి రకం. "గుచ్చితే ఏమీ రావట్లేదు, ఫోన్ పాడైందేమో" అని కంగారు పడేవాళ్లలో ఎక్కువమందికి పాడైంది ఏమీ ఉండదు. ప్యాకెట్ మీద డాక్ ఉందని రాసి ఉన్నదే తీసుకోండి.

ఆపిల్ వాళ్ల సీ-టైప్ డాంగిల్ చూడ్డానికి బొమ్మలా ఉంటుంది కానీ, అంత తక్కువ ధరలో అంత శుభ్రమైన శబ్దం ఇచ్చేవి చాలా తక్కువ. దాంతో చిక్కు ఒకటే: చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ సగంలోనే ఆగిపోతుంది. ఆండ్రాయిడ్ వాళ్లు ఫియో లాంటి కంపెనీల చిన్న డాంగిళ్ల వైపు వెళ్లడం మేలు. నా మటుకు నాకు, మామూలు ఇయర్‌ఫోన్‌తో వింటే మంచి డాంగిల్ పెట్టిన ఫోన్‌కీ పాతిక వేల ప్లేయర్‌కీ శబ్దంలో తేడా ఉందని ఒట్టేసి చెప్పలేను. కళ్లు మూసుకుని మా తమ్ముడి చేత మార్పించి చూశాను. పదిసార్లలో ఐదారుసార్లు సరిగ్గా చెప్పా. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

తేడా నిజంగా తెలిసేది పెద్ద హెడ్‌ఫోన్ల దగ్గర. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు ఎక్కువ భాగం 16 నుంచి 32 ఓమ్‌లవి (కరెంటుకు అవి ఇచ్చే అడ్డును కొలిచే లెక్క ఇది), వాటికి ఫోన్ బలం చాలు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి 300 ఓమ్‌లవి. వాటిని ఫోన్‌కు గుచ్చితే వాల్యూమ్ చివరిదాకా పెట్టినా పాట పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది. అలాంటివి మీ ఇంట్లో ఉంటే బలమైన ప్లేయరో, పెద్ద డాంగిలో తప్పదు. అంత బలమున్న పెట్టెతో సన్న ఇయర్‌ఫోన్ వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అదే 90 దగ్గర అయితే వారానికి 4 గంటలే.

అసలు పాతిక వేలూ చేతిలో ఉంటే, నేనైతే మొదటి రెండు మూడు వేలు చెవికే ఖర్చుపెడతాను. ఫోన్ డబ్బాలో వచ్చిన ఇయర్‌ఫోన్ నుంచి రెండు వేల మంచి ఐఈఎమ్‌కు (చెవి లోపలికి బిగుతుగా దూరే వైరు ఇయర్‌ఫోన్) మారితే తబలా ఎక్కడుందో, వీణ ఎక్కడుందో విడివిడిగా తెలుస్తుంది. ప్లేయర్ మార్చితే వచ్చే తేడా దాని ముందు ఆవగింజంత.

సొంత పాటా, అద్దె పాటా?

రెండో ప్రశ్నకు జవాబు చాలామందికి తెలిసే ఉంటుంది, ఒప్పుకోవడమే కష్టం. మీరు వినేవి జియోసావన్‌లోనో, స్పాటిఫైలోనో, యూట్యూబ్‌లోనో ఉంటే అవి అద్దె పాటలు. అద్దె చెడ్డదని కాదు. నెలకు నూరూ నూటయాభైకి అన్ని పాటలు ఇంకెక్కడా దొరకవు. కానీ ఆ పాటలు మెమరీ కార్డులోకి రావు. ఆఫ్‌లైన్‌కు దించుకున్నవి కూడా ఆ యాప్ తాళంతోనే ఉంటాయి. స్పాటిఫై అయితే 30 రోజులకు ఒక్కసారైనా నెట్‌కు కలపమంటుంది. యాప్‌లు నడవని చిన్న ప్లేయర్ కొంటే అందులో వేసుకోవడానికి మీ దగ్గర పాటే ఉండదు. కొని, డబ్బా విప్పి, మూడో రోజు అల్మరాలో పెట్టేసినవాళ్లను నేనెరుగుదును.

యాప్ ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకమూ లేదు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. మన దగ్గర లక్షల మంది వాడిన వింక్‌ను మూసేస్తున్నట్టు 2024లో ఎయిర్‌టెల్ ప్రకటించింది. కంపెనీల మధ్య ఒప్పందం తెగితే, నిన్న విన్న పాట ఈరోజు బూడిద రంగులోకి మారి, నొక్కితే పలకదు. యూట్యూబ్‌లో వినేవాళ్ల బాధ ఇంకో రకం. డబ్బు కట్టకపోతే స్క్రీన్ ఆపగానే పాట ఆగిపోతుంది. జేబులో ఫోన్ వెలుగుతూ ఉండాలి, తొడ తగిలి ఇంకేదో వీడియో మొదలవుతుంది.

సొంత పాటలంటే సీడీల నుంచి ఎక్కించుకున్నవి, డబ్బిచ్చి కొని దించుకున్నవి, పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి మార్చుకున్నవి. తెలుగులో డబ్బిచ్చి ఫైలు కొనుక్కునే దారులు చాలా తక్కువ, ఇది మాత్రం పెద్ద లోటే. ఇంట్లో 2000ల నాటి ఆడియో సీడీలుంటే పారేయకండి. సీడీ మీది పాట సెకనుకు 1,411 కిలోబిట్ల చొప్పున ఉంటుంది. దాన్ని ఫ్లాక్ అనే ఫైలు పద్ధతిలోకి మారిస్తే ఒక్క బిట్టు పోకుండా సైజు దాదాపు సగానికి తగ్గుతుంది. ఐదు నిమిషాల పాట ముప్పై ఎంబీ లోపు. 128 జీబీ కార్డులో అలాంటివి నాలుగు వేలు పడతాయి.

అన్నిటికీ ఫ్లాక్ అక్కర్లేదు. 1950లు, 60ల సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం. వాటిలో చాలావరకు పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి తీసినవి. వాటిని సన్న శబ్దాలు కూడా వినిపించే హై-రెస్ ప్లేయర్‌లో వింటే గాయకుడి గొంతు మారదు గానీ, రికార్డు మీది చిటపటలు ఇంకా స్పష్టంగా వినపడతాయి. పద్య నాటకాలకూ, హరికథలకూ, ప్రవచనాలకూ మామూలు ఎంపీ3 బ్రహ్మాండంగా సరిపోతుంది.

యాప్‌లో వినేవాళ్లకు ఒక చిన్న లెక్క. 320 కేబీపీఎస్‌లో గంట పాటలకు సుమారు 144 ఎంబీ డేటా అవుతుంది. శబ్దంలో ఏదీ పోకుండా పంపే లాస్‌లెస్‌కు దానికి రెండున్నర, మూడింతలు. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు లాస్‌లెస్ పెట్టుకుని ఉదయం, సాయంత్రం ప్రయాణంలో విన్నారంటే, రాత్రికి ఇంట్లో వీడియో కాల్ దగ్గర నెట్ నత్తనడక నడుస్తుంది. ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి అదనంగా డబ్బు తీసుకోకుండా లాస్‌లెస్ ఇస్తోంది, బాగానే ఉంది. దాన్ని బ్లూటూత్ బడ్స్‌లో వింటే ఎలాగూ మళ్లీ కుదింపే కదా. డేటా దండగ.

ఫోన్ మీద నా అసలు ఫిర్యాదు

ఇంతవరకు లెక్కలన్నీ ఫోన్ వైపే మొగ్గాయి. మరి నేనెందుకు ఇప్పటికీ జేబులో రెండో పెట్టె వేసుకుని తిరుగుతున్నాను?

ఒక రాత్రి సంగతి చెప్తాను. పదిన్నర అయింది, డాబా మీద పడుకుని ఒక కచేరీ రికార్డింగు వింటున్నాను. కళ్యాణి ఆలాపన. పాడుతున్నావిడ రాగాన్ని మెల్లగా కట్టుకుంటూ, మెట్టు మెట్టు ఎక్కుతూ, పై షడ్జం దాకా వచ్చి అక్కడ నిలబడ్డారు. వయొలిన్ అందుకోబోతోంది. టింగ్ అని మోత, పాట ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేచింది. ఏంటా అని చూస్తే, నేను అడగని లోన్ నాకు మంజూరైందట. సరేనని దాన్ని తీసేయబోయి కింద ఇంకో మెసేజ్ చూశాను, ఆఫీసు గ్రూపులో ఎవరో ఏదో అడిగారు, జవాబు రాశాను, అక్కడి నుంచి స్కోరు చూశాను. పది నిమిషాల తర్వాత గుర్తొచ్చింది, చెవిలో పాట నడుస్తోందని. అప్పటికి వయొలిన్ వంతు కూడా అయిపోవచ్చింది.

నోటిఫికేషన్లు ఆపుకోవచ్చు కదా అంటారు. ఆపుకోవచ్చు. ఏరోప్లేన్ మోడ్ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే ఊళ్లో అమ్మకు రాత్రిపూట ఏదైనా అయితే ఫోన్ కలవదు. అదే వేరే పెట్టెలో పాట ఉంటే ఫోన్ పక్కన మంచం మీద ఉంటుంది, మోగితే ఎత్తుతాను. మోగకపోతే దాని మొహం చూడను. వేరే ప్లేయర్‌కు నేను ఇచ్చే డబ్బు డాక్‌కు కాదు, దీనికి. శబ్దం బాగుంటుందని కొన్నవాళ్లు చాలామంది ఆర్నెల్లకు అమ్మేశారు. ప్రశాంతత కోసం కొన్నవాళ్లు ఉంచుకున్నారు. నా చుట్టూ ఉన్న ఏడెనిమిది మందిని చూసి చెప్తున్న మాట ఇది, అంతకు మించి లెక్క లేదు.

బటన్ల సుఖమూ ఉంది. మెట్రోలో ఒక చేత్తో పైన పట్టీ పట్టుకుని వేలాడుతున్నప్పుడు, జేబు బయటి నుంచే వేలితో తడిమి, గుబ్బగా ఉన్న బటన్ నొక్కితే పాట మారుతుంది. బయటికి తీయక్కర్లేదు, వేలిముద్ర పెట్టక్కర్లేదు. ఫోన్‌లో ఇదే పనికి తాళం తీయాలి, యాప్ వెతకాలి, ఈలోపు స్టేషన్ వచ్చేస్తుంది.

కొనే ముందు అల్మరాలో వెతకండి

నా సలహా ఒకటే అయితే అది ఇదే: ప్లేయర్ కొనేముందు ఇంట్లో పడున్న పాత ఫోన్‌ను నెల రోజులు ప్లేయర్‌గా వాడి చూడండి. తెర పగిలినా పరవాలేదు, జాక్ పనిచేయాలి. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచి ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు, అది ప్రమాదం.

సిమ్ తీసేయండి. ఫోన్ మొత్తం రీసెట్ చేసి, పాటల యాప్ దించుకున్నాక అకౌంట్ కూడా తీసేయండి. పాటల యాప్ ఒక్కటి ఉంచి మిగతావి వీలైనన్ని తీసేయండి. మ్యూజికోలెట్ అని మన దేశంలోనే తయారైన యాప్ ఒకటుంది, అసలు ఇంటర్నెట్ పర్మిషనే అడగదు. ఫోల్డర్ల వారీగా పాటలు చూపిస్తుంది, పాత క్యాసెట్ అలవాటు ఉన్నవాళ్లకు ఇట్టే నచ్చుతుంది. పాటలు ఎక్కించి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేస్తే ముసలి బ్యాటరీ కూడా ఒక రోజంతా లాగుతుంది. ఇయర్‌ఫోన్ గుచ్చితే ఒక చెవే వినపడుతోందా? జాక్ పోయిందనుకునే ముందు టూత్‌పిక్‌తో లోపలి దుమ్ము మెల్లగా తీసి చూడండి. జేబుల్లోని దూది అంతా అందులోనే చేరుతుంది.

పాత ఫోన్ లేకపోతే హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట రెండు మూడు వేలకు దొరుకుతుంది. ఎల్జీ వాళ్ల వీ30 ప్లస్, జీ7 ప్లస్ ఎక్కడైనా కనపడితే చూడండి. వాటిలో క్వాడ్ డాక్ అని మంచి చిప్ పెట్టారు, ప్లేయర్లకు తీసిపోదు. ఎల్జీ 2021లో ఫోన్ల వ్యాపారమే మానేసింది కాబట్టి బ్యాటరీ ఏ స్థితిలో ఉందో చూసుకునే తీసుకోవాలి.

నెల తర్వాత ఆ పాత ఫోన్ మీ జేబులోనే ఉంటే మీకు వేరే ప్లేయర్ అవసరం ఉన్నట్టే. చార్జింగ్ లేక మళ్లీ అల్మరాలోకి చేరితే పాతిక వేలు మిగిలినట్టే.

కొనాలనే అనుకుంటే

కిందిమెట్టులో తెర ఉండీ లేనట్టుండే బటన్ల ప్లేయర్లు. 2025లో వచ్చిన ఫియో వాళ్ల స్నోస్కై ఎకో మినీ వీటిలో ముచ్చటైనది. పాత క్యాసెట్ ప్లేయర్ ముఖం, టచ్ లేదు, 8 జీబీ లోపల, పైన మెమరీ కార్డు. పదివేల లోపే. నెట్ లేదు, యాప్ లేదు, కాబట్టి సొంత పాటలున్నవాళ్లకే. నాకు బాగా ఇష్టమైన రకం ఇదే, ఎందుకంటే ఇందులో పాట తప్ప ఇంకేం చేయలేం.

మధ్యమెట్టు ఆండ్రాయిడ్ ప్లేయర్లు. సోనీ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యూ-ఏ306ను తీసుకోండి. పాతిక వేల పైచిలుకు ధరతో 2023లో మన దేశంలోకి వచ్చింది. 113 గ్రాములు, అరచేతిలో ఇమిడిపోతుంది, ఫ్లాక్ పాటలు 36 గంటలు మోగుతాయని కంపెనీ మాట. యాప్‌లు కూడా నడుస్తాయి. మరి చిక్కేంటి? 32 జీబీలో పాటలకు మిగిలేది సుమారు 18, కాబట్టి కార్డు తప్పదు. ఇంకోటి, వైఫై ఉన్న ఆండ్రాయిడ్ అంటే మళ్లీ అదే సంత. ప్లేస్టోర్ ఉంటే యూట్యూబ్ వేస్తాం, యూట్యూబ్ ఉంటే రీల్స్ లాంటివి చూస్తాం. నోటిఫికేషన్ల నుంచి పారిపోయి వచ్చి, చిన్న తెర మీద వాటినే పెట్టుకోవడం ఎందుకు? యాప్ పాటలు వింటూ, వైరు హెడ్‌ఫోన్ వాడుతూ, మనసును కట్టేసుకోగలిగినవాళ్లకు మాత్రం ఇది సరైన వస్తువు.

డెబ్బై వేలూ, లక్షా పెట్టే ప్లేయర్ల గురించి నేను చెప్పేదేం లేదు. అవి కొనేవాళ్లు ఇలాంటి వ్యాసాలు చదివి కొనరు.

ఏది కొన్నా తెలుగువాళ్లు షాపులోనే చూసుకోవాల్సింది ఒకటుంది. తెలుగులో పేరున్న పాట ఒకటి కార్డులో వేసుకెళ్లి, తెర మీద ఎలా కనపడుతుందో చూడండి. మన వత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చి చూపడం చిన్న ప్లేయర్లకు చేతకాదు. కొన్నిట్లో డబ్బాలు, కొన్నిట్లో అక్షరం ఒకచోట, వత్తు ఇంకోచోట. నేను అందుకే పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో మార్చుకున్నాను. అక్కడా తలనొప్పే. ఒకే గాయకుడి పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఉంటే ప్లేయర్ నలుగురు మనుషులనుకుంటుంది. కంప్యూటర్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక ఆదివారం కూర్చుంటే అన్నీ ఒక దారికి వస్తాయి.

మెమరీ కార్డు విషయంలో నా దెబ్బ చెప్పాలి. ఒక షాపులో 128 జీబీ కార్డు మూడొంతుల ధరకే ఇస్తానంటే తీసుకున్నాను. రెండు రోజులు కూర్చుని పాటలన్నీ ఎక్కించాను, ఎక్కడా తేడా రాలేదు. వినడం మొదలుపెట్టాక మొదటి కొన్ని వందల పాటలు సరిగ్గా వచ్చాయి, ఆ తర్వాతవన్నీ పేరుంటుంది, నొక్కితే మౌనం. దొంగ కార్డు అది. లోపల ఉన్నది ఎనిమిదో పదహారో, కానీ అడిగినవాళ్లకు 128 అని చెప్పేలా చేసి అమ్ముతారు. నిండాక రాసినవన్నీ గాల్లో రాసినట్టే. షాపువాడు రసీదు ఏది అన్నాడు. రసీదు తీసుకోలేదుగా. అప్పటి నుంచి ఏ కార్డు కొన్నా ముందు కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో చివరిదాకా నింపి, చదివించి చూస్తాను. గంటలు పడుతుంది, పట్టనీ. ఇంకో చిన్న సంగతి: 64 జీబీ, ఆ పైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. పాత ప్లేయర్లూ, కారు స్టీరియోలూ కొన్ని దాన్ని చదవలేవు. అలాంటివాటికి 32 జీబీ కార్డే క్షేమం.

పెద్దవాళ్లకు ఏది?

మా బాబాయికి డెబ్బై రెండు. ఫోన్‌లో అన్నమయ్య కీర్తనలు పెట్టిచ్చాను. వారం తర్వాత ఊరెళ్తే మంచం మీద ఫోన్ బోర్లా పెట్టి ఉంది. "ఏం బాబాయ్, వినట్లేదా?" అన్నాను.

"వింటున్నా రా. కీర్తన మధ్యలో ఆ పిల్లెవరో వచ్చి లోన్ కావాలా అంటుంది. వద్దమ్మా అంటే వినదు."

ఆయనకు పాటలు నింపి ఉన్న సరిగమ కారవాన్ లాంటిది కొందామనుకున్నాను. 2017లో వచ్చిన ఆ పెట్టె చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు భలే కుదిరింది, తెలుగు పాటలతోనూ దొరుకుతుంది. కానీ బాబాయికి కావాల్సినవి తన క్యాసెట్లలోని పద్య నాటకాలు, అవి ఏ కంపెనీ పెట్టెలోనూ రావు. చివరికి ఎఫ్ఎం, మెమరీ కార్డు, పైన ఒకటి నుంచి సున్నా దాకా నంబర్ల బటన్లు ఉన్న చిన్న స్పీకర్ తీసుకున్నాం. వెయ్యి పైచిలుకు. క్యాసెట్లను టేప్ రికార్డర్ నుంచి వైరుతో కంప్యూటర్‌కు కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, కార్డులో వేసిచ్చాను. 14 నొక్కితే పద్నాలుగో పద్యం వస్తుంది.

ఇలాంటి చవక స్పీకర్లతో ఒక ముఖ్యమైన జాగ్రత్త. ఇవి పేర్ల వరస చూడవు, కార్డులోకి ఏ ఫైలు ముందు వెళ్తే అది ఒకటో నంబరు. అందుకని ఒక్కొక్కటే వరసగా కాపీ చేయాలి. మధ్యలో ఒకటి తీసేస్తే తర్వాతి నంబర్లన్నీ జరిగిపోతాయి. బాగా లేదని ఒక పద్యం తీసేసి ఇంకోటి పెట్టిన రోజున బాబాయి నాకు పెట్టిన చీవాట్లు అన్నీ ఇన్నీ కావు. ఎందుకో తర్వాత తెలిసింది. మంచం పక్కన గోడకు క్యాలెండర్ వెనక పేజీ ఒకటి అతికించి ఉంది, అందులో స్కెచ్ పెన్‌తో నంబరూ, ఎదురుగా పద్యం మొదటి మాటా, మొత్తం నూటపన్నెండు దాకా రాసుకున్నారు. ఇప్పుడు కొత్తవి ఏవి తీసుకెళ్లినా చివరే కలుపుతున్నాను, నూటపదమూడు నుంచి.